పదకొండు పట్టీలు

సోమవారం పొద్దున టీ దగ్గర గొడవ పళ్ళపొడి డబ్బాతో మొదలైంది.

సల్తనత్ ఆ డబ్బా కొని పది రోజులు కాలేదు. మూత తీస్తే అప్పుడే అడుగు కనబడుతోంది. ఆమె దాన్ని తెచ్చి భోజనాలకు పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద, రొట్టెల పక్కన, భర్త ఎదుట బోర్లించింది. చిటికెడు తెల్లపొడి గుడ్డ మీద రాలింది.

"ఈ నెల్లో ఇది రెండో డబ్బా. ఈ ఇంట్లో దీంతో పళ్ళు తోముకుంటున్నారా, రొట్టెల పిండిలో కలుపుకుంటున్నారా?"

మారూఫ్ ఉస్తా నోరు తెరిచి పళ్ళు చూపించాడు. ఏడున్నాయి. ఏడు పళ్ళవాడు నెలకు రెండు డబ్బాలు ఎలా అరగదీస్తాడో తెలుసుకోవాలని తనకూ ఉందన్నాడు. మెరుగుపెట్టే కొట్లోకి పట్టుకుపోయి ఉంటారని ఆమె అంది. పెళ్ళాం గూట్లో వస్తువు తానెన్నడూ ముట్టలేదని ఆయన అన్నాడు. అయితే నిరుడు చలికాలం తన ఉన్నిబూటు కోసి మెరుగుబిళ్ళలు చేసుకున్నది ఎవరని ఆమె అడిగింది. ఆ బూటు అప్పటికే జత పోయి ఒంటిదైందనీ, ఒంటి బూటును బూటని ఎవరూ అనరనీ ఆయన వాదించాడు. కొడుకు ఇల్హాంకి నవ్వు ఆగక టీ పొలమారింది.

కోడలు హుల్కర్ మాత్రం నవ్వలేదు. చిన్న పియాలా గిన్నెలో, మర్యాద ప్రకారం అడుగున కాస్తే టీ పోసి, ఎడమచెయ్యి గుండెలకు ఆనించుకుని మామగారికి అందించింది. తరవాత గుడ్డ మీద రాలిన పొడిని వేలికొనతో దగ్గరికి చేర్చి అరచేతిలోకి తీసుకుంది. దులిపెయ్యలేదు. సల్తనత్ అది గమనించింది.

ఆ పిల్ల చుస్త్ నుంచి కోడలై వచ్చి ఐదు నెలలు. వెలుగు రాకముందే లేచి వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లుతుంది. ఆవు పాలు పిండుతుంది. రెండు రోజులకోసారి తందూరు వెలిగించి ఇరవై రొట్టెలు కాలుస్తుంది. సల్తనత్ మోకాళ్ళు ఈ ఐదు నెలలుగా తనను తిట్టడం మానేశాయి. తెల్లవారుజామున దుప్పటి కింద పడుకుని వాకిట్లో ఇంకొకరి చీపురు చప్పుడు వినడంలో ఎంత సుఖముందో ఆమె మార్గిలాన్‌లో ఉన్న అక్కచెల్లెళ్ళందరికీ చెప్పింది.

పళ్ళపొడి సంగతి తేలకుండానే ఉస్తా అసలు విషయం ఎత్తాడు. ఫెర్గానాలో చెల్లెలింటికి వెళ్తున్నాడు. అక్కడ కంటి డాక్టరుకు చూపించుకుని శుక్రవారం సాయంత్రం వస్తాడు. కళ్ళలో పొర ముదిరి, ఆయనకిప్పుడు వెలుగూ నీడా తప్ప గీతలు కనబడటం లేదు. ఇనుముకు, అల్యూమినియానికి మెరుగు పెట్టేవాడికి గీత కనబడకపోతే ఇంకేం మిగిలింది?

"వాకిట్లో ఉన్న బండి మీద నేను చెయ్యి వెయ్యను," అన్నాడు కొడుకుతో. "మొదట్నుంచి చివరిదాకా నీదే. బండి తాలూకు తాష్‌పులాత్ మాస్టారు శనివారం వస్తాడు. ఆయనకు నచ్చితే ఆ పూట భోజనాల దగ్గర నిన్ను చెయ్యెత్తి దీవిస్తాను. కొట్టు నీది. నచ్చకపోతే టైర్ల నూర్‌మత్ ఎప్పట్నించో ఆ గది అడుగుతున్నాడు, ఇచ్చేస్తా. ఇందులో నాకు కోపం లేదు, నీకూ ఉండొద్దు."

ఇల్హాం తలూపాడు. పని నేర్పిన ఉస్తా దీవెన లేనివాడు ఈ ఊళ్ళో కొట్టు తెరిచినా గుమ్మం ఎక్కేవాళ్ళుండరు. నీకెవరి దీవెన ఉందని అడిగి మరీ పని ఇస్తారు. సల్తనత్‌కి ఆ క్షణం కొడుకు ముఖం పదేళ్ళ పిల్లవాడిదిలా కనిపించింది. బండ్ల మీదున్న వస్తువు విప్పడం, బిగించడం, వచ్చినవాళ్ళతో మాట్లాడి ఒప్పించడం వాడికి బాగా వచ్చు. ఒకేచోట కూర్చుని ఒకే పని గంటసేపు చెయ్యమంటే మాత్రం వాడి కాళ్ళలో చీమలు పాకుతాయి.

బండి ద్రాక్షపందిరి కింద ఉంది. పాలరంగు పాత వోల్గా కారు. ఆదివారం మాస్టారి మనవరాలు దాంట్లోనే అత్తారింటికి వెళ్ళాలి. ముందూ వెనకా ఉన్న బంపర్లు క్రోమువి, అవి తుడవగానే తేరుకున్నాయి. కిటికీల చుట్టూ, తలుపుల వెంబడి ఉన్న అల్యూమినియం పట్టీలు మాత్రం బూడిద పూసినట్టు మసకబారి, అక్కడక్కడ తెల్లగా పొక్కులెత్తి ఉన్నాయి. మొత్తం పదకొండు. ఇల్హాం మల్బరీ చెక్క చీలకు గుడ్డ చుట్టి, రంగు గీసుకోకుండా ఒక్కొక్కటే సందు చేసి ఊడదీశాడు. వెనకవైపు సుద్దతో అంకెలు వేశాడు. ఆ పని వాడు ఎంత చక్కగా చేశాడంటే, ఉస్తా బయల్దేరేముందు పట్టీలన్నిటినీ తడిమి చూసి, ఒక్కటీ వంగలేదని మెచ్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆవుకు తవుడు కలపడానికి కొట్టంలోకి వెళ్ళిన సల్తనత్‌కి పళ్ళపొడి దొంగ దొరికింది. హుల్కర్ గడ్డిమోపు వెనక పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఎప్పటిదో పారేసిన తలుపు పట్టీ ముక్క. ఉన్నిబిళ్ళ మీద పళ్ళపొడి అద్దుకుని, ఎడమచేత్తో పొడుగ్గా ఒకే వరసలో రుద్దుతోంది. గరిటె ఎడమచేత్తో పట్టుకుందని ఈ పిల్లను సల్తనత్ రెండుసార్లు మందలించింది. ఇప్పుడా చెయ్యి తన ఇష్టాన తాను పోతోంది. ఆవు ఆ చప్పుడుకు అలవాటు పడ్డట్టు నెమరేస్తోంది.

హుల్కర్ ఉలిక్కిపడి లేచింది. పొడి కొనిచ్చేస్తానంది. పుట్టింట్లో నాన్న కత్తులు చేసేవాడనీ, వాటి అలుగులకు ఆఖరి మెరుగు తానే పెట్టేదాన్ననీ, చేతులు ఊరుకోవడం లేదనీ తలవంచుకుని చెప్పింది. సల్తనత్ ఆ ముక్కను వెలుతురులోకి తీసుకెళ్ళి చూసింది. అందులో తన ముక్కు, నుదుటి ముడత, రుమాలు మీద పువ్వుల రేకలు లెక్కపెట్టగలిగేలా కనిపించాయి.

"బావుంది," అంది. "కానీ పొరుగు ఆడవాళ్ళు చూస్తే కోడలితో కొట్టుపని కూడా చేయిస్తున్నారంటారు. దాచెయ్యి."

పొడి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

*

మంగళవారం తెల్లవారుతూనే పక్కవీధిలో పెళ్ళి బాకాలు మోగాయి. పెళ్ళివారు వీధిలోని మగవాళ్ళకు పెట్టే పొద్దుటి పులావు విందు అది. సల్తనత్, హుల్కర్ పెరట్లో తందూరు దగ్గర ఉన్నారు.

పట్టీల మీద ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన గట్టి పొర ఒకటుంటుంది. అది దిగితేగాని లోపలి అల్యూమినియానికి మెరుగు పట్టదు. దానికి ఉస్తా కాస్టిక్ సోడా నీళ్ళు కుంచెతో రాసి, ఖురాన్‌లోని ఒక చిన్న సూరా ఏడుసార్లు చదువుకుని, వెంటనే కడిగేస్తాడు. ఒకసారికి ఒకటే పట్టీ. ఆయన గడియారం ఆ సూరానే. ఇల్హాంకి పదకొండుసార్లు అంతా చేసే ఓపిక లేదు. ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా కోసి తొట్టిలా చేసి, కాస్టిక్ నీళ్ళు నింపి, పదకొండూ ఒకేసారి పడుకోబెట్టాడు. అప్పుడే వీధి గుమ్మంలోంచి స్నేహితులు పిలిచారు. నాలుగు ముద్దలు తిని క్షణంలో వచ్చేద్దామనుకున్నాడు.

పెళ్ళి పులావుకు వెళ్ళినవాడు క్షణంలో రాగలడా? ఇద్దరికి ఒక పళ్ళెం. ఇల్హాం పళ్ళేనికి ఎనభై ఏళ్ళ పెద్దాయన జతపడ్డాడు. పెద్దవాడు చెయ్యి తీసేదాకా చిన్నవాడు లేవకూడదు. ఆయన ఒక్కో మెతుకూ నములుతూ ఇల్హాం తాతగారి గుర్రం గురించి చెప్పాడు. పళ్ళెం ఖాళీ అయ్యాక టీ వచ్చింది. టీ అయ్యాక చివరి ప్రార్థన, దువా, చదవాల్సిన ఇమాం ఇంకో పెళ్ళి నుంచి రావాలి. దువా కాకుండా మధ్యలో లేస్తే పెళ్ళివారికి శుభం కాదు. ఇల్హాం మోకాళ్ళ మీద కూర్చుని చెమటలు కక్కాడు. తిరిగొచ్చేసరికి గంటన్నర దాటింది.

తొట్టి బుసబుసమని పొంగుతోంది. పట్టీలు నల్లగా కమిలిపోయాయి. కడిగితే నలుపు పోయి, కింద అమ్మవారు పోసిన ముఖంలా సన్నటి గుంటలు తేలాయి. వెలుగు వాటిమీద పడి అక్కడే చచ్చిపోయింది.

సల్తనత్ వచ్చేసరికి కొడుకు నేలమీద కూలబడి ఉన్నాడు. నాన్నకు ఫోన్ చేస్తానన్నాడు. ఆమె వద్దంది. తాష్కెంట్ పాత సామాన్ల సంతలో వెతికితే ఒకటో రెండో దొరకొచ్చు గానీ పదకొండు దొరకవన్నాడు. పెళ్ళికూతురు ఎక్కే బండి కదమ్మా, మాస్టారికి ఏం ముఖం పెట్టుకుని చెప్పనన్నాడు. కొట్టు పోతుందన్న మాట మాత్రం అనలేదు. అది అనకపోవడమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

హుల్కర్ మోచేతుల దాకా పిండితో వచ్చి నిలబడింది. ఒక పట్టీ తీసి, ఎండకు ఏటవాలుగా పట్టి, బొటనవేలి గోరుతో మెల్లగా గీసుకుంటూ ఈ చివర్నించి ఆ చివరికి పోయింది.

"గోరు దిగడం లేదమ్మా," అంది అత్తగారితో. భర్త ఎదుటే ఉన్నా మాట అత్తగారితోనే. "లోతుగా తినలేదు. గరుకు కాగితంతో మెల్లగా కిందికి దింపుకుంటే గుంటలు పోతాయి. మూడో నంబరు అంచు మాత్రం పల్చబడింది, దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. శుక్రవారానికి అవుతుంది."

ఇల్హాం తలెత్తి భార్యవైపు చూశాడు. మొదటిసారి చూస్తున్నట్టుంది ఆ చూపు. సల్తనత్ ఇద్దర్నీ చూసింది. నాలుక చివర ఉన్న మాట మంచిది కాదని ఆమెకు తెలుసు. అయినా అంది.

"చెయ్యి. కానీ ఇల్హాం చేశాడనే ఉంటుంది. మీ మామగారికి గానీ మాస్టారికి గానీ ఇంకోమాట తెలియకూడదు."

"అలాగేనమ్మా," అంది హుల్కర్, ఉప్పు అందించమంటే అందించినంత సులువుగా.

*

పని కొట్లో కాకుండా ఆవు కొట్టంలోనే సాగింది. వీధిలోంచి చూస్తే కనబడేది ఇల్హాం ఒక్కడే.

హుల్కర్ మొదట ముతక కాగితం నీళ్ళలో నానబెట్టి, చెక్కముక్కకు చుట్టి, పట్టీకి అడ్డంగా రుద్దింది. గుంటలన్నీ పోయి ఒకే తీరు గీతలు మిగిలేదాకా అదే. అప్పుడు పట్టీని, చేతుల్ని, చెక్కని, బక్కెట్టుని శుభ్రంగా కడిగి నీళ్ళు మార్చింది. ముతక కాగితంలోని ఒక్క రవ్వ మిగిలినా తరవాతి పనంతా పాడవుతుందట. ఆపైన సన్నకాగితం, ఈసారి నిలువుగా. ముందటి అడ్డగీతలు ఒక్కటీ కనబడకూడదు. మళ్ళీ కడుగు. ఇంకా సన్నం, మళ్ళీ అడ్డం. ఇలా ఒక్కో పట్టీకి ఐదుసార్లు. గిన్నెలు ఇంత శుభ్రంగా కడిగే మనిషిని సల్తనత్ తన జన్మలో చూడలేదు, తనను తప్ప.

ఇల్హాం నీళ్ళు మోశాడు, కాగితాలు కత్తిరించి ఇచ్చాడు, వంపు పట్టీలు కదలకుండా పట్టుకున్నాడు. బుధవారం ఒకసారి తానూ రుద్దబోతే హుల్కర్ కాసేపు చూసి, మీరు పట్టుకుంటే చాలండి అంది. వాడికి కోపం రాలేదు. "ఉస్తాగారి మాట," అని చెక్క తిరిగిచ్చేశాడు. హుల్కర్ పెదవి కొరుక్కుని నవ్వు దాచుకుంది. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు అంతసేపు మాట్లాడుకోవడం సల్తనత్ అప్పుడే విన్నది.

ఇంత జరుగుతున్నా చీపురు చప్పుడు ఏ పొద్దూ ఆలస్యం కాలేదు. పాలు పిండి, టీ పెట్టి, బట్టలుతికి, అప్పుడే ఆ పిల్ల కొట్టంలోకి వెళ్ళేది. సల్తనత్ అది చూస్తూనే ఉంది. చూస్తూనే దుప్పటి కింద ఇంకాసేపు పడుకుంది.

గురువారం రొట్టెల రోజు. మధ్యాహ్నమైనా పెరట్లోంచి పొగ రాకపోతే వెళ్ళి చూసింది. హుల్కర్ పిండిపళ్ళెం ముందు కూర్చుని, మణికట్ల దాకా చేతులు పిండిలో ఉండగానే, గోడకు తల ఆన్చి నిద్రపోతోంది. వేళ్ళు పిండిలో ఉన్నా గోళ్ళ చుట్టూ అల్యూమినియం నలుపు కనిపిస్తోంది. ఆ నలుపు పిండికి అంటకుండా ఎంతసేపు తోముకుందో, వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచిపోయి ఉంది.

సల్తనత్ ఆమెను లేపలేదు. ఆ చేతులు మెల్లగా బయటికి తీసి ఒళ్ళో పెట్టింది. తానే పిండి పిసికింది. పత్తికట్టెలు పేర్చి తందూరు వెలిగించింది. ఐదు నెలల తరవాత మొదటిసారి భుజం దాకా చెయ్యి ఆ వేడిలో పెట్టి రొట్టె గోడకు కొట్టింది. నాలుగో రొట్టెకు చేతి మీద వెంట్రుకలు కాలాయి. పదో రొట్టెకు మోకాళ్ళు పాత తిట్లన్నీ గుర్తు తెచ్చుకున్నాయి. రెండు రొట్టెలు జారి నిప్పుల్లో పడ్డాయి. పద్దెనిమిది మిగిలాయి.

కాలిన రొట్టె వాసనకు హుల్కర్ కళ్ళు తెరిచింది. జరిగింది చూసి సిగ్గుతో ఏడ్చినంత పని చేసింది. సల్తనత్ వేడిరొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టి తినమంది. ఆ పిల్ల తింటూ అన్న మాట సల్తనత్ చాలా రోజులు మర్చిపోలేదు.

"నన్ను చెయ్యనిచ్చారు కదమ్మా. దేవుడు మీకు మేలు చెయ్యాలి."

తప్పు చేసినవాణ్ణి కాపాడుతున్నది ఆ పిల్ల. పేరు వదులుకున్నది ఆ పిల్ల. కృతజ్ఞత కూడా ఆ పిల్లదేనా? సల్తనత్ ఇంకో ముక్క తుంచిచ్చింది.

*

శుక్రవారం మధ్యాహ్నానికి పదకొండు పట్టీలూ ఉన్నిబిళ్ళ మెరుగు, ఆపైన పొడి మెరుగు పూర్తి చేసుకుని, గోరువెచ్చని మైనం పూత పూసుకుని బండి ఎక్కాయి. ఒక్క గీత పడకుండా బిగించడం ఇల్హాం వంతు. మూడో పట్టీ పల్చటి అంచు దగ్గర వాడు ఊపిరి బిగబట్టి, పిడికిలితో కాకుండా అరచేతితో ఒత్తి కూర్చోబెట్టాడు. సాయంత్రం ఉస్తా వచ్చాడు. వచ్చే నెలలో ఒక కంటికి ఆపరేషన్ అన్నాడు. బండిని ఆ పూట ముట్టుకోలేదు.

శనివారం తాష్‌పులాత్ మాస్టారు వచ్చినప్పుడు ఎండ పందిరి సందుల్లోంచి బండి మీద పడుతోంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. తరవాత దగ్గరికి వెళ్ళి, కిటికీ పట్టీలో తన ముఖం చూసుకుని, గడ్డం సర్దుకున్నాడు. ఇది కొన్నరోజు కూడా ఇలా లేదన్నాడు. ఉస్తా వంగి, వేళ్ళకొసలతో ఒక్కో పట్టీనీ చివరిదాకా తడిమాడు. చాలాసేపు పట్టింది. పై పొర పోయింది కాబట్టి నెలకోసారి మైనం పూయాలని, వానలో వదిలెయ్యకూడదని మాస్టారికి చెప్పాడు.

మాస్టారు సంచిలోంచి కొత్త చపాన్ తీశాడు. నీలం పట్టు అంగీ, లోపల దూది. అది ఇల్హాం భుజాల మీద కప్పి, నడుముకు రుమాలు కట్టి, వీపు తట్టాడు.

"నీ చేతులకు నొప్పి తెలియకూడదు నాయనా. స్కూల్లో పలక కూడా సరిగ్గా తుడిచేవాడివి కాదు. నా మనవరాలు రేపు అద్దంలో కూర్చుని వెళ్తుంది."

ఇల్హాం ఆ అంగీలో, ఎవరిదో మూట మోస్తున్నవాడిలా నిలబడ్డాడు. అప్పుడే హుల్కర్ టీ పళ్ళెం తెచ్చింది. వంగి మూడుసార్లు సలాం చేసింది. నల్లబడ్డ గోళ్ళు కనబడకుండా బట్టల పొడుగు చేతుల అంచులు వేళ్ళమీదికి లాక్కుంది. మాస్టారు ఆమె వైపు చూడకుండానే పియాలా అందుకుని, చల్లగా ఉండమ్మా అన్నాడు. ఆమె ముఖంలో ఏ లోటూ లేదు. ఆమె చూపంతా పట్టీల మీదే ఉంది, తృప్తిగా.

ఇల్హాం చేశాడనే ఉండాలని చెప్పింది తనే. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. సల్తనత్ తన పియాలాలో టీ అలాగే వదిలేసింది.

*

రాత్రి భోజనానికి పులావు వండింది హుల్కర్. నలుగురూ దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నారు. ఉస్తా మొదటి ముద్ద తిని, చేతులు తుడుచుకుని, రెండు అరచేతులూ ముఖం ముందుకు ఎత్తాడు. ఇల్హాం చపాన్ వేసుకోలేదు. అది మడతపెట్టి గూట్లో ఉంది. వాడు ఏదో చెప్పబోయాడు. సల్తనత్ కొడుకు కంటే ముందు మాట్లాడింది.

"ఒక్క నిమిషం ఆగండి. ఆ పట్టీలు వీడు పాడుచేశాడు. బాగుచేసింది హుల్కర్. వీడు నీళ్ళు మోశాడు. ఎవరికీ చెప్పొద్దని కోడలి నోరు కట్టేసింది నేను."

ఇల్హాం వెంటనే అవునన్నాడు. పులావు సంగతి, తొట్టి సంగతి మొత్తం చెప్పేశాడు. చెబుతుంటే వాడి వెన్ను కాస్త నిటారైంది. బిగించే పని తనదేననీ, రేపు మాస్టారింటికి వెళ్ళి అంగీ ఎవరిదో చెప్పొస్తాననీ అన్నాడు. హుల్కర్ తలమీది రుమాలు నుదుటి మీదికి దింపుకుంది.

ఉస్తా ఎత్తిన చేతులు దించలేదు. కూర్చున్నచోటే కాస్త పక్కకు తిరిగాడు, కోడలి వైపు. ఆశ్చర్యపడ్డట్టు లేదు. "వీడి చెయ్యి ఇన్నేళ్ళలో మారనిది నాలుగు రోజుల్లో ఎలా మారిందా అనుకుంటున్నాను," అన్నాడు. దీవెన చదివాడు. చెయ్యి అలసిపోకూడదని, కన్ను మసకబారకూడదని, చేసిన పనికి పేరు దక్కాలని చదివాడు. నలుగురూ ఆమీన్ అని అరచేతులతో ముఖాలు తడుముకున్నారు.

హుల్కర్ కళ్ళు తుడుచుకుంది. పొద్దుటి పనులన్నీ అయ్యాక రోజూ కొట్లోకి వస్తాను నాన్నగారూ అంది.

మగవాళ్ళిద్దరూ సంతోషంగా తలలూపారు. పొద్దుటి పనులు ఎప్పటికి అవుతాయో ఆ దస్తర్‌ఖాన్ దగ్గర ఆడవాళ్ళిద్దరికే తెలుసు. అవి అవ్వవు. సల్తనత్ తన మోకాలి మీద చెయ్యి వేసుకుంది. ఐదు నెలల సుఖం మంచిదే. ఇచ్చిన పిల్లకు దేవుడు మేలు చెయ్యాలి.

"రేపట్నుంచి పొద్దున టీ తాగి నువ్వు నేరుగా కొట్లోకే," అంది. "వాకిలి, తందూరు నావి. పాలు ఇల్హాం పిండుతాడు."

ఇల్హాం తల గోక్కుని, ఆవును ఎవరు ఒప్పిస్తారని అడిగాడు. ఉస్తా ఏడు పళ్ళతో నవ్వాడు. హుల్కర్ వద్దమ్మా, మీ మోకాళ్ళు అంటూ లేవబోయింది.

"కూర్చో," అంది సల్తనత్, పళ్ళెంలో తన వైపున్న మాంసం ముక్క కోడలి వైపుకు జరుపుతూ. "చెప్పేశాను. తిను."